పేర్లు మార్చే ముందు ఒక్కసారి ఆగండి: షేర్డ్ డ్రైవ్‌లు చూసుకునే సిస్టమ్ అడ్మిన్లకు బహిరంగ లేఖ

ఫైల్ సర్వర్లు, షేర్డ్ డ్రైవ్‌లు చూసుకునే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లకు,

నమస్కారం.

షేర్డ్ డ్రైవ్‌లో ఫైళ్ల పేర్లు, ఫోల్డర్ల పేర్లు ఉన్నట్టుండి పిచ్చి అక్షరాలుగా మారిపోతే ఆ ఫిర్యాదు మీ దగ్గరికే వస్తుంది. సర్వర్ మార్చిన మర్నాడో, కొత్త నాస్‌లోకి (నెట్‌వర్క్‌కి తగిలించిన స్టోరేజ్ పెట్టెలోకి) డేటా కాపీ చేశాకో, బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చాకో ఇది బయటపడుతుంది. అప్పుడు చాలాచోట్ల రెండే పనులు జరుగుతాయి. ఇంగ్లిష్ కాని అక్షరాలన్నిటినీ అండర్‌స్కోర్లుగా మార్చే ఒక స్క్రిప్ట్ నడుస్తుంది. ఆ తర్వాత, ఇకమీదట పేర్లన్నీ ఇంగ్లిష్‌లోనే పెట్టండి అంటూ అందరికీ ఒక మెయిల్ వస్తుంది. ఈ రెండూ దయచేసి చేయొద్దని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పత్రాలు భద్రపరిచే విభాగంలో పనిచేస్తాను. స్కాన్ చేసిన పాత కాగితాల్లో వెతకడానికి అక్షరాలు ఉండవు, బొమ్మ ఉంటుందంతే. ఏ కాగితం ఎక్కడుందో పట్టుకోవాలంటే మాకున్న ఆధారం ఫైల్ పేరొక్కటే. ఆ పేరు పోతే కాగితం డ్రైవ్‌లో ఉన్నా లేనట్టే లెక్క. ఇదివరకు నేను పనిచేసిన ఒకచోట సరిగ్గా ఆ అండర్‌స్కోర్ స్క్రిప్టే నడిపారు. ఒకే పొడవున్న తెలుగు పేర్లన్నీ ఒకే అండర్‌స్కోర్ల వరుసగా మారిపోయాయి. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరు రెండుసార్లు రాకూడదు కాబట్టి ఒకదాని మీద ఇంకొకటి పడి ముందున్నవి చెరిగిపోయాయి. స్క్రిప్ట్ నడిపినవాళ్లు చెడ్డవాళ్లు కారు, టికెట్ త్వరగా మూయాలని చూశారు. కానీ స్క్రిప్ట్ నడిచే ముందు ఆ పేర్లను పూర్తిగా బాగుచేసే వీలుంది. నడిచాక లేదు. ఇది మీరందరూ గమనించాలని నా కోరిక.

డిస్క్ మీద ఫైల్ పేరు కొన్ని బైట్ల వరుస. లినక్స్ కెర్నెల్ ఆ బైట్లు ఏ భాషవో పట్టించుకోదు. ఫార్వర్డ్ స్లాష్, సున్నా బైట్ తప్ప దేన్నైనా ఒప్పుకుంటుంది. ఆ బైట్లను ఏ పట్టిక ప్రకారం అక్షరాలుగా చూపించాలన్నది వేరేచోట తేలుతుంది: సాంబా (లినక్స్ సర్వర్‌లోని ఫైళ్లను విండోస్ కంప్యూటర్లకు పంచే ప్రోగ్రామ్) సెట్టింగుల్లో, షేర్‌ని కంప్యూటర్‌కి తగిలించేటప్పుడు ఇచ్చే మౌంట్ ఆప్షన్లలో, కాపీ చేసే ప్రోగ్రామ్‌లో. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 ఇవాళ దాదాపు అన్నిచోట్లా వాడే పట్టిక. అందులో తెలుగు అక్షరం ఒక్కోదానికి మూడు బైట్లు. గుణింతం గుర్తుకి మళ్లీ మూడు, పొల్లుకి మళ్లీ మూడు. పదహారు ఆధారంగా సంఖ్యలు రాసే హెక్సాడెసిమల్‌లో చూస్తే మొదటి బైట్ ఎప్పుడూ ‘ఈ0’, రెండోది ‘బీ0’ లేదా ‘బీ1’, మూడోది మాత్రం అక్షరాన్ని బట్టి మారుతుంది. ఈ బైట్లను దారిలో ఎవరో ఒకరు వేరే పట్టికతో చదివితే మనకు కనిపించేదే పిచ్చి అక్షరాలు. అంటే అలా కనిపిస్తున్న పేరులో అసలు పేరు చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటుంది.

అందుకే ముందు ఆ పిచ్చి అక్షరాలను జాగ్రత్తగా చూడమంటున్నాను. జబ్బేమిటో చాలావరకు అవే చెప్తాయి. నెత్తిన వాలుగీత ఉన్న చిన్న ‘ఏ’, దాని పక్కన డిగ్రీ గుర్తు లేదా ప్లస్ కింద గీత గీసిన గుర్తు, ఆ తర్వాత ఇంకేదో ఒకటి, ఈ గుంపు మళ్లీ మళ్లీ వస్తోందంటే తెలుగు యూటీఎఫ్-8 బైట్లను పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన విండోస్-1252 పట్టికతో చదివారని అర్థం. గ్రీకు ఆల్ఫా, పక్కన చుక్కలు నింపిన గడి కనిపిస్తే అది డాస్ కాలపు 437 కోడ్‌పేజీ, అంటే అప్పటి అక్షరాల పట్టిక. ఇది ఎక్కువగా జిప్ ఫైళ్లలో వస్తుంది. జిప్ ఫార్మాట్‌లో పేర్లకు మొదటినుంచీ ఉన్న పట్టిక 437. పేరు యూటీఎఫ్-8లో ఉందని చెప్పే గుర్తు ఆ ఫార్మాట్‌లోకి 2006లో వచ్చింది. ఆ గుర్తు పెట్టని ప్రోగ్రామ్‌తో చేసిన జిప్‌ని నేరుగా షేర్డ్ డ్రైవ్‌లో విప్పితే ఆల్ఫాలు వరుస కడతాయి. ఆల్ఫా ఉండాల్సిన చోట నెత్తిన గీత ఉన్న పెద్ద ‘ఓ’ ఉంటే 850 కోడ్‌పేజీని అనుమానించాలి.

ఖాళీ డబ్బాలు కనిపిస్తే చాలాసార్లు పేరుకి ఏమీ కాలేదు, ఆ కంప్యూటర్‌లో ఫాంట్ లేదు. ఫాంట్ వేసి వదిలేయండి.

పేరు పొట్టిగా మారి మధ్యలో టిల్డ గుర్తు (~) కనిపిస్తే అది వేరే సంగతి, దానికి అక్షరాల పట్టికతో సంబంధం లేదు. లినక్స్‌లోనో మ్యాక్‌లోనో కోలన్, ప్రశ్నార్థకం, స్టార్ లాంటి గుర్తులతో పెట్టిన పేర్లను విండోస్ ఒప్పుకోదు. చివర చుక్క గాని ఖాళీ గాని ఉన్నా అంతే. అలాంటి పేర్లను సాంబా పాత ఎనిమిది-మూడు పద్ధతిలో (పేరుకి ఎనిమిది, ఎక్స్‌టెన్షన్‌కి మూడు అక్షరాలు) కుదించి విండోస్‌కి చూపిస్తుంది. సర్వర్‌లో అసలు పేరు అలాగే ఉంటుంది. అక్కడికి వెళ్లి ఆ ఒక్క గుర్తు మారిస్తే సరిపోతుంది. మ్యాక్‌లు కూడా ఉన్న ఆఫీసైతే సాంబాలో ఇలాంటి గుర్తులను మార్చి చూపే కాటియా, మ్యాక్‌ల కోసం ఉన్న ఫ్రూట్ మాడ్యూళ్ల సెట్టింగులు ఒకసారి చూసుకోండి.

ఇక ప్రశ్నార్థకాలు. ఇక్కడే కొంచెం టెన్షన్ పడాలి. లినక్స్ కంప్యూటర్ నుంచి షేర్‌ని మౌంట్ చేసేటప్పుడు అక్షరాల సెట్టింగ్ సరిగా లేకపోతే తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. సర్వర్‌లో పేర్లు భద్రంగానే ఉంటాయి. ఐఓ-క్యారెక్టర్‌సెట్ ఆప్షన్‌లో యూటీఎఫ్-8 అని ఇచ్చి మళ్లీ మౌంట్ చేస్తే అన్నీ తిరిగొస్తాయి. కానీ ఆ ప్రశ్నార్థకాలతో ఉన్న స్థితిలో ఎవరైనా అక్కడినుంచి ఇంకోచోటికి కాపీ చేస్తే, కాపీలో నిజంగానే ప్రశ్నార్థకాలు రాసి ఉంటాయి. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ కలిపి ఉన్న ఒకే సంఖ్యల జాబితా) తెలియని పాత విండోస్ ప్రోగ్రామ్‌లతోనూ ఇదే బాధ. తెలుగుకి విండోస్‌లో 1252 లాంటి సొంత ఆన్సీ కోడ్‌పేజీ ఎప్పుడూ లేదు, మొదటినుంచీ యూనికోడే ఆధారం. కాబట్టి ఆ పాత ప్రోగ్రామ్‌లకు తెలుగు పేరు ప్రతిసారీ ప్రశ్నార్థకాల వరుసే. ప్రశ్నార్థకంగా గాని అండర్‌స్కోర్‌గా గాని డిస్క్ మీద పడిన పేరులోంచి అసలు పేరుని ఏ టూలూ బయటికి తీయలేదు.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఇది: డిస్క్ మీద బైట్లు సరిగానే ఉండి చూపించేటప్పుడు తప్పు జరుగుతోందా, లేక తప్పు పేరే డిస్క్ మీద రాసి ఉందా? సర్వర్‌లోకి నేరుగా లాగిన్ అయి, ఒక పేరు తాలూకు బైట్లను హెక్స్‌లో చూస్తే ఈ అనుమానం తీరిపోతుంది. ‘ఈ0 బీ0’, ‘ఈ0 బీ1’ అని కనిపిస్తే పేరు ఆరోగ్యంగా ఉంది. తప్పు ఎక్కువగా సాంబా కాన్ఫిగరేషన్‌లో ఉంటుంది. ఎప్పుడో పాత సర్వర్ నుంచి తెచ్చుకున్న ఫైల్‌లో యునిక్స్ క్యారెక్టర్‌సెట్ అనే వరుస ఐఎస్ఓ-8859-1 అని ఉండిపోవడం మామూలే. ఇప్పటి సాంబాలో ఆ వరుస అసలు రాయకపోతే యూటీఎఫ్-8నే తీసుకుంటుంది. ఆ ఒక్క వరుస తీసేసి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే, ఒక్క ఫైల్ పేరు కూడా ముట్టుకోకుండా డ్రైవ్ మొత్తం చక్కబడుతుంది. ఇలాంటి చోట పేర్లు మార్చే టూల్ నడిపితే బాగున్న పేర్లను మనమే పాడుచేసినట్టవుతుంది.

అలా కాకుండా ‘సీ3 ఏ0 సీ2 బీ0’ అని కనిపిస్తే రెండుసార్లు మార్పిడి జరిగింది. యూటీఎఫ్-8 బైట్లను 1252 అనుకుని చదివి, వచ్చిన పిచ్చి అక్షరాలను మళ్లీ యూటీఎఫ్-8లో రాశారు. ఇది వెనక్కి తిప్పాల్సిన పని. ఇందులో ఇంకో నష్టం దాగి ఉంది. మూడు బైట్ల తెలుగు అక్షరం ఈ రెండో రాతలో ఆరో ఏడో బైట్లు అవుతుంది. ఎక్స్‌ట్-4 లాంటి లినక్స్ ఫైల్ సిస్టమ్‌లలో పేరుకి 255 బైట్లే హద్దు. అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోదాన్నీ ఒక సంకేతంగా లెక్కిస్తే, సరైన తెలుగు పేరు 85 అక్షర సంకేతాల దాకా పడుతుంది. రెండుసార్లు మారిన పేరు 40 దాటితే హద్దు దగ్గరికి వచ్చేస్తుంది. కొంచెం పొడుగు పేర్లున్న ఫైళ్లు కాపీ కాకుండా వెనకే ఉండిపోయి ఉండొచ్చు. విండోస్‌లోని ఎన్‌టీఎఫ్ఎస్ అదే 255ని బైట్లలో కాకుండా 16 బిట్ల యూనిట్లలో లెక్కపెడుతుంది కాబట్టి, అక్కడ హాయిగా ఉన్న పొడుగు తెలుగు పేరు లినక్స్ నాస్‌లోకి మామూలుగా కూడా పట్టకపోవచ్చు. కాపీ లాగ్‌లో పేరు మరీ పొడుగుగా ఉందన్న ఎర్రర్లు ఉన్నాయేమో దయచేసి వెతకండి. పేర్లు పాడైన ఫైళ్ల గురించి మేం ఫిర్యాదు చేస్తాం. అసలు రాకుండా పోయిన ఫైళ్ల గురించి మాకు తెలియదు కూడా.

వెనక్కి తిప్పడం గురించి తెలుగు వరకు ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. విండోస్-1252 పట్టికలో ఐదు స్థానాలు ఖాళీ: 81, 8డీ, 8ఎఫ్, 90, 9డీ. తెలుగు మూడో బైట్‌గా ఈ ఐదూ వాడుకలో ఉన్నాయి. 81 మన ఉకారపు కొమ్ము. 8డీ పొల్లు. 8ఎఫ్ ‘ఏ’, 90 ‘ఐ’, 9డీ ‘ఝ’. కొమ్మూ పొల్లూ లేకుండా తెలుగు పేర్లు ఎన్ని ఉంటాయి చెప్పండి? విండోస్ సొంత మార్పిడిలో ఈ ఐదూ కంటికి కనిపించని కంట్రోల్ గుర్తులుగా మిగిలి ఉంటాయి, కాబట్టి తిరిగి తెచ్చుకోవచ్చు. ఖాళీ స్థానాన్ని ఒప్పుకోని టూల్ అయితే అక్కడ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, లేదా నల్లటి వజ్రంలో ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోతుంది. ఆగిపోతే మంచిదే. ముందుకు పోతేనే ప్రమాదం. ఇంగ్లిష్‌కి దగ్గరగా ఉండే యూరప్ భాషల పేర్ల మీద ఒక టూల్ బాగా పనిచేసిందని తెలుగు పేర్ల మీద ధైర్యంగా నడపొద్దని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. ‘భ’ మూడో బైట్ ఏడీ. 1252లో అది కనిపించని హైఫన్. ‘ఠ’ మూడో బైట్ ఏ0, అది ఖాళీలా కనిపిస్తుంది. అందుకే పాడైన పేరుని యూజర్ల దగ్గర స్క్రీన్‌షాట్‌గా తీసుకుని దాన్నిబట్టి బాగుచేయబోతే కుదరదు. కనిపించని బైట్లు స్క్రీన్‌షాట్‌లోకి రావు.

లినక్స్‌లో ఈ పనికి కాన్వ్‌ఎమ్‌వీ అనే టూల్ ఉంది. నాకు అందులో బాగా నచ్చింది ఏమిటంటే, నడిపితే ఏమీ మార్చదు. ఏ పేరు ఏమవుతుందో చూపించి ఊరుకుంటుంది. నిజంగా మార్చాలంటే నో-టెస్ట్ అనే ఆప్షన్ కావాలని ఇవ్వాలి. ఆ మొదటి జాబితాని దయచేసి మా చేతికివ్వండి. ఫైళ్లతో రోజూ పనిచేసేవాళ్లం మేం. ఏ పేరు సరైనదో చూడగానే చెప్పగలం. రెండుసార్లు మార్పిడి జరిగిన పేర్ల కోసం అందులో ఫిక్స్-డబుల్ అనే ఆప్షన్ కూడా ఉంది. ఇప్పటికే సరైన యూటీఎఫ్-8లా ఉన్న పేర్లను ఆ టూల్ మామూలుగా వదిలేస్తుంది. ఆ రక్షణని తీసేసే ఆప్షన్ జోలికి పోకండి.

ఇంకో మాట. ఒకే డ్రైవ్‌లో అన్ని ఫోల్డర్ల చరిత్రా ఒకటి కాదు. తప్పు సెట్టింగ్ ఉన్న రోజుల్లో పెట్టిన ఫైళ్లు ఒక రకంగా, అంతకుముందువి ఇంకో రకంగా, ఎవరో జిప్‌లోంచి విప్పినవి మూడో రకంగా ఉంటాయి. డ్రైవ్ మొత్తానికి ఒకే ఆదేశం ఇస్తే ఒక చోట నయమై ఇంకోచోట పాడవుతుంది. ఫోల్డర్ వారీగా చేయాల్సిందే. ఇది ఓపిక కావాల్సిన పని. దానికి మీకు తగిన సమయం ఇవ్వాలని మీ పైవాళ్లని కూడా ఈ ఉత్తరం ద్వారానే అడుగుతున్నాను.

మొదలుపెట్టే ముందు స్నాప్‌షాట్ తీసుకోవడం, ఆ సమయంలో డ్రైవ్‌ని రీడ్-ఓన్లీ చేయడం మీకు నేను చెప్పాల్సినవి కావు. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కన ఉన్న జాబితా మాత్రం దాచి ఉంచండి. ఒక ఎక్సెల్ ఫైల్ ఇంకో ఎక్సెల్ ఫైల్‌లోంచి అంకెలు తెచ్చుకుంటూ ఉంటుంది. పేరు మారగానే ఆ లింకులు తెగుతాయి. ఏది ఎక్కడికి పోయిందో చూసుకోవడానికి ఆ జాబితా ఒక్కటే దారి.

కంటికి సరిగ్గా ఒకేలా కనిపించే రెండు ఫోల్డర్లు పక్కపక్కనే ఉన్నాయని ఎవరైనా చెప్తే నమ్మండి. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే సంకేతంగా గాని, ఎత్వం, దాని కింద చేరే ఐత్వపు గుర్తు కలిపి రెండుగా గాని. రెండూ తెరమీద ఒకటే. మ్యాక్‌లోని పాత హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడదీసి దాచేది. అందువల్ల పాత మ్యాక్ నుంచి వచ్చిన ‘పైకం’, విండోస్‌లో టైప్ చేసిన ‘పైకం’ లినక్స్ సర్వర్‌కి రెండు వేర్వేరు పేర్లు. ఒకదాన్ని వెతికితే రెండోది దొరకదు. ‘ఫైల్’ అన్న మాటలోనే ఐత్వం ఉంది కాబట్టి ఇది అరుదైన ఇబ్బందేమీ కాదు. కాన్వ్‌ఎమ్‌వీలో ఎన్‌ఎఫ్‌సీ ఆప్షన్ వీటిని ఒకే రూపానికి తెస్తుంది. ఆ రెండు ఫోల్డర్లనూ కలపాలా వద్దా అన్నది మాత్రం మమ్మల్ని అడిగి చేయండి. లోపల ఉన్నవి వేర్వేరు కాగితాలు కావచ్చు.

ఇప్పటికే అండర్‌స్కోర్లుగా మారిపోయిన చోట కూడా ఆశ పూర్తిగా వదులుకోవద్దు. ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోని ఫైళ్లలో పేరు పోయినా లోపలి డేటా అలాగే ఉంటుంది. పాత బ్యాకప్‌లో గాని, ఎవరూ పారేయని పాత సర్వర్ డిస్క్‌లో గాని సరైన పేర్లతో ఉన్న కాపీ దొరికితే, రెండువైపులా ప్రతి ఫైల్‌కీ చెక్‌సమ్ (లోపలి డేటా నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) తీసి పోల్చండి. చెక్‌సమ్ కలిసిన చోట పాత పేరు తెచ్చి పెట్టొచ్చు. దీనికి మెషీన్ సమయం పడుతుందే గాని మనిషి కష్టం తక్కువ. అందుకే మైగ్రేషన్ అయిపోయిందని పాత డిస్కులను వెంటనే తుడిచేయొద్దని అడుగుతున్నాను. పేర్లు సరిచూసుకున్నామని వాడేవాళ్లు రాతపూర్వకంగా చెప్పేదాకా వాటిని ఉంచండి.

ఇక ఇంగ్లిష్‌లోనే పేర్లు పెట్టండి అనే మెయిల్ గురించి. దాని వెనక ఉన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు పైన చెప్పిన పట్టికలన్నిటిలోనూ ఒకేలా ఉంటాయి, కాబట్టి ఇలా పాడవ్వవు. కానీ తెలుగు పేర్లకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒకటంటూ లేదు. ‘లక్ష్మి’ అని తెలుగులో రాస్తే ఎవరు రాసినా ఒకటే, మహా అయితే చివర దీర్ఘం ఉండొచ్చు. ఇంగ్లిష్‌లో రాయమంటే ఒకరు ఎక్స్ వాడతారు, ఒకరు కె, ఎస్, హెచ్ వాడతారు, ఇంకొకరు చివర వై పెడతారు. ఏళ్ల తరబడి పదిమంది చేతులు పడిన డ్రైవ్‌లో ఒకే మనిషి కాగితాలు నాలుగు స్పెల్లింగుల కింద చెల్లాచెదురవుతాయి. వెతికినప్పుడు ఒకటి దొరికి మూడు దొరకవు. ఒకటి దొరికింది కదా అని వెతకడం ఆపేస్తాం. పిచ్చి అక్షరాలైతే కనీసం ఏదో తప్పు జరిగిందని కనిపిస్తుంది. ఈ నష్టం కనిపించదు. తెలుగు యూనికోడ్‌లో 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే ఉంది. తెలుగు పేర్లను మోయలేని సర్వర్ ఇవాళ ఉందంటే అది సెట్టింగ్ సరిచేసుకోవాల్సిన సర్వర్. దానికోసం అందరి అలవాటూ మార్చడం న్యాయం కాదు.

వచ్చేసారి సర్వర్ మార్చేటప్పుడో, కొత్త బ్యాకప్ ప్రోగ్రామ్ తెచ్చేటప్పుడో ఒక్క చిన్న పని చేయండి. పరీక్ష కోసం ఒక ఫోల్డర్ పెట్టి అందులో కొన్ని ఖాళీ ఫైళ్లు ఉంచండి. కొమ్ము కోసం ‘గురువు’, పొల్లు కోసం ‘లక్ష్మి’, ఐత్వం కోసం ‘ఫైల్’, ఇంకా ‘ఏడు’, ‘ఐదు’, ‘ఝరి’, ‘భూమి’, ‘పీఠం’ అనే పేర్లు. వాటితోపాటు 80 అక్షర సంకేతాలకు తగ్గని పొడుగు పేరొకటి. ఈ ఫోల్డర్‌ని అసలు డేటా వెళ్లే దారిలోనే ముందుగా పంపండి. జిప్ చేసి విప్పండి, బ్యాకప్‌లోకి ఎక్కించి దించండి, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటినుంచీ తెరిచి చూడండి. మూడింటిలోనూ అన్ని పేర్లూ సరిగా కనిపించాక అసలు డేటా పంపండి. చూసి పెట్టడానికి తెలుగు చదవడం వచ్చినవాళ్లు మీ టీమ్‌లో లేకపోతే మమ్మల్ని పిలవండి, వస్తాం.

ఇట్లు,
షేర్డ్ డ్రైవ్ మీద రోజూ పనిచేసే ఒక రికార్డుల విభాగం ఉద్యోగి